ఫ్లష్‌లో పోయే ఎరువును తోటకు మళ్ళించడం ఎలా?

తోట పెంచేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "మూత్రం మొక్కలకు పోయొచ్చా? మలంతో కూడా ఎరువు చేయొచ్చంటారు, నిజమేనా? రోగాలు రావా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

రెండూ చేయొచ్చు. కానీ రెండిటినీ ఒకే గాటన కట్టకండి. మూత్రం సులువు. ఒక క్యాన్, ఒక గరాటు ఉంటే ఈ రోజే మొదలుపెట్టొచ్చు. మలానికి స్థలం కావాలి, ఏడాదికి పైగా ఓపిక కావాలి, శుభ్రత విషయంలో పట్టుదల కావాలి. రోగాలు తెచ్చే క్రిములు, నులిపురుగుల గుడ్లు ఎక్కువగా ఉండేది మలంలోనే. మన ఒంట్లోంచి బయటికి పోయే నత్రజనిలో మాత్రం సింహభాగం మూత్రంలో ఉంటుంది. పొటాష్ కూడా ఎక్కువగా అందులోనే పోతుంది, భాస్వరం దాదాపు సగం. అంటే లాభం ఎక్కువున్న చోటే ప్రమాదం తక్కువ. అందుకే పట్టేటప్పుడు రెండిటినీ కలవనివ్వకండి. మొదటి ఏడాది మూత్రం ఒక్కటే వాడండి. చాలామందికి రెండోదాని అవసరమే రాదు.

ఇక నీళ్ళు. ఒక మనిషి రోజుకు అయిదుసార్లు ఫ్లష్ చేస్తాడనుకుందాం. ట్యాంక్ 6 లీటర్లదైతే 30 లీటర్లు. నలుగురున్న ఇంట్లో రోజుకు 120 లీటర్లు, ఏడాదికి 43,800 లీటర్లు. పాత ట్యాంకులు ఒక్కసారికి 10 లీటర్ల పైనే వదులుతాయి, వాటితో లెక్క ఇంకా పెరుగుతుంది. ఆ అయిదుసార్లలో నాలుగు మూత్రానికే. ఒక గ్లాసు మూత్రాన్ని సాగనంపడానికి అరబిందె నీళ్ళు పోస్తున్నాం.

మూత్రానికి ఏమేం కావాలి

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ క్యాన్లు రెండు, 10 లేదా 20 లీటర్లవి. ఒకటి నిండుతుంటే రెండోది ముగ్గుతుంటుంది. ఇనుప, రేకు డబ్బాలు వద్దు, తుప్పు పట్టి చిల్లులు పడతాయి. ఒక గరాటు, ఒక టేబుల్ టెన్నిస్ బంతి, కొలతకు పాత మగ్గు, రబ్బరు గ్లవ్స్, చెరగని మార్కర్ పెన్ను కూడా తీసుకోండి. ఇవన్నీ ఈ పనికే విడిగా ఉంచాలి, మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

బంతి ఎందుకంటారా? గరాటులో వేసి చూడండి. పోసినప్పుడు పైకి తేలుతుంది, ధార ఆగగానే కిందికి దిగి గరాటు నోరు మూసేస్తుంది. వాసన బయటికి రాదు, ఈగలు లోపలికి పోవు. దీనికోసం ఖరీదైన ఏర్పాట్లేవీ అక్కర్లేదు.

చేసే విధానం

1. పట్టండి. మగవాళ్ళు నేరుగా గరాటులోకి పోయొచ్చు. ఆడవాళ్ళకు, పిల్లలకు మూతున్న వెడల్పాటి చిన్న బకెట్ వీలుగా ఉంటుంది, తర్వాత దాన్ని క్యాన్‌లో వంపుకోవచ్చు. కడుక్కున్న నీళ్ళు ఇందులో కలవకుండా చూసుకోండి. నెలసరి రోజుల్లో పట్టడం ఆపేయండి.

2. నీళ్ళు కలపకుండా నిలవ చేయండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. వాసన తగ్గుతుందని ముందే నీళ్ళు పోసేస్తారు. మూత్రంలోని యూరియా కొన్ని రోజుల్లో అమ్మోనియాగా మారుతుంది, పీహెచ్ (క్షారగుణాన్ని చూపే కొలత) 9 దాకా పెరుగుతుంది. క్రిములను చంపేది ఆ ఘాటే. నీళ్ళు కలిపితే ఆ ఘాటు పలచబడుతుంది, మూత సరిగా లేకపోతే దోమలు కూడా గుడ్లు పెడతాయి.

3. నిండిన రోజు తేదీ క్యాన్ మీద రాయండి. పక్కనే "మూత్రం, తాగకూడదు" అని పెద్దక్షరాలతో రాసి, పిల్లల చేతికి అందని నీడ చోట పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఎప్పుడూ నిలవ చేయకండి.

4. ముగ్గనివ్వండి. ఎన్నాళ్ళు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక ఇంటి మూత్రాన్ని ఆ ఇంటివాళ్ళే తమ తోటలో వాడుకుంటే నిలవ తప్పనిసరి కాదు. చివరిసారి పోసినప్పటికీ కోతకూ మధ్య నెల రోజులు ఉంటే చాలు. అయినా నేను నెల రోజులు ఉంచమనే చెబుతాను. పొరపాటున ఎక్కడైనా మలం అంటి ఉంటే ఆ నెల మిమ్మల్ని కాపాడుతుంది. నాలుగైదు ఇళ్ళది కలిపి పడుతున్నా, పండినవి బయటివాళ్ళకు ఇస్తున్నా 20 డిగ్రీలు, ఆపైన వేడిలో 6 నెలలు ముగ్గాలి. అక్కడ రాజీ లేదు.

5. వాడే ముందు క్యాన్‌ను మూతతోనే బాగా కదపండి. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది, భాస్వరం అందులోనే ఎక్కువ. తర్వాత ఆరుబయట, మొహం పక్కకు పెట్టి మూత మెల్లగా తీయండి. తాజాగా ఉన్నప్పుడు లేత పసుపుగా ఉన్నది ఇప్పుడు ముదురు తేనెరంగుకు తిరిగి, కళ్ళు చెమర్చేంత ఘాటుగా ఉంటుంది. అది చెడిపోయిందని పారబోసినవాళ్ళు నాకు తెలుసు. అలా ఉంటేనే సరిగా ముగ్గినట్టు.

6. నీళ్ళు కలపండి. నేలలో ఉన్న మొక్కలకు ఒక వంతు మూత్రానికి అయిదు వంతుల నీళ్ళు. లేత మొక్కలకూ కుండీలకూ పది వంతులు. కలిపింది కలిపినట్టే వాడేయండి, మర్నాటికి మిగల్చకండి.

7. పోయండి. కాండానికి జానెడు దూరంలో బెత్తెడు లోతు గాడి తీసి, అందులో పోసి, వెంటనే మట్టి కప్పి, పైన మామూలు నీళ్ళు పెట్టండి. ఆకుల మీద చిలకరించకండి. మట్టి కప్పకుండా వదిలేస్తే అమ్మోనియా గాల్లో కలిసిపోతుంది. వాసన వచ్చిందంటే మీ నత్రజని పోతున్నట్టే. సాయంత్రం పూట మేలు. వాన వచ్చేలా ఉంటే మానుకోండి. బావి, బోరు, చెరువు దగ్గర అసలే వద్దు.

8. గ్లవ్స్ తీసి సబ్బుతో చేతులు కడుక్కోండి. గరాటులో గార పట్టి ఉంటే వెనిగర్‌తో నానబెడితే ఊడుతుంది. బ్లీచింగ్ మాత్రం వాడకండి. బ్లీచ్, అమ్మోనియా కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు పుడుతుంది. ఇది మామూలు హెచ్చరిక అనుకుని దాటేయకండి.

ఎంత పోయాలి

ఒక పంట కాలం మొత్తానికి చదరపు మీటరుకు 1.5 లీటర్ల మూత్రం సరిపోతుంది, నీళ్ళు కలపక ముందు కొలత అది. దాన్ని అయిదు దఫాలుగా పంచుకుంటే దఫాకు 300 మిల్లీలీటర్లు, దానికి లీటరున్నర నీళ్ళు. పది, పదిహేను రోజులకొకసారి పోస్తే చాలు.

ఇప్పుడు దీన్ని మీ తోటకు అన్వయించుకోండి. 20 చదరపు మీటర్ల తోటకు ఒక పంటకు కావలసింది 30 లీటర్లు. పెద్దవాళ్ళు ఒకరు రోజుకు లీటరు నుంచి లీటరున్నర పోస్తారు. అంటే ఒక్క మనిషిది నెల రోజులది చాలు! ఇంటిల్లిపాదిదీ పట్టి తెచ్చి అంతా ఆ చిన్న మడిలోనే పోస్తే మొదటికే మోసం వస్తుంది. మిగిలింది పెద్ద చెట్ల పాదుల్లో వంతులవారీగా పోయండి, లేదా ఎండుటాకుల కుప్ప మీద పోయండి. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ కాబట్టి మూత్రం పడ్డ కుప్ప త్వరగా కుళ్ళి కంపోస్టవుతుంది.

మొక్కజొన్న, అరటి, టమాటా, క్యాబేజీ లాంటివి దీన్ని బాగా తీసుకుంటాయి. చిక్కుడు జాతి మొక్కలు నత్రజనిని తామే సమకూర్చుకుంటాయి, వాటికి అక్కర్లేదు. నెల రోజుల్లో కోసే ఆకుకూరలకు, పచ్చిగా తినే దుంపలకు విత్తే ముందే మట్టిలో పోసి కలిపేయండి, మొలిచాక పోయకండి. మిగతా పంటలకు కోతకు నెల ముందు ఆపేయండి.

ఎవరిది పట్టకూడదు

యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్ళది, క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్ళది, మూత్రనాళ ఇన్ఫెక్షన్, టైఫాయిడ్, కామెర్లు ఉన్నవాళ్ళది వద్దు. రోజూ వేసుకునే మందుల అవశేషాలు కూడా కొంత మూత్రంలో బయటికి వస్తాయి. ఇంట్లో ఎవరైనా ఎక్కువ మందులు వాడుతుంటే వాళ్ళది మామూలుగా టాయిలెట్‌లోకే పోనివ్వండి. ఒక్కరిది చాలని పైన లెక్క చూశాం కదా, ఆరోగ్యంగా ఉన్న ఒకరిని ఎంచుకుంటే టెన్షనే ఉండదు.

ఎక్కువగా జరిగే తప్పులు, పసిగట్టే గుర్తులు

మొదట్లో నేను కుండీలతో మొదలుపెట్టాను. నాలుగు టమాటా కుండీలకు మూడు రోజులకొకసారి, అదీ సగానికి సగం నీళ్ళు కలిపి పోశాను. రెండు వారాలు మొక్కలు నల్లపచ్చగా ఏపుగా లేచాయి. మూడో వారం ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, కాగితం కాలినట్టు చుట్టుకుపోయాయి. కుండీ అంచు లోపల తెల్లటి పొర కట్టింది, గోటితో గీకితే పొడిగా రాలింది. అది ఉప్పు. మూత్రంలో ఉప్పు ఉంటుంది, నేలలోనైతే వాన కడిగేస్తుంది, కుండీలో అది పోవడానికి దారి లేదు. ఒక మొక్క చచ్చిపోయింది. మిగతా మూడింటికి, కుండీ అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా మామూలు నీళ్ళు మూడుసార్లు పోసి, నెల రోజులు మూత్రం ఆపితే తేరుకున్నాయి. అందుకే కుండీలకు నెలకోసారి మించి వద్దంటాను. మట్టి మీద తెల్లపొర కనబడితే ఆ నెల కూడా మానేయండి.

మొక్క విపరీతంగా ఆకులేసి పూత రాకపోతే నత్రజని ఎక్కువైందని గుర్తు. రెండు దఫాలు మానేయండి, కాస్త బూడిద చల్లండి. కింది ఆకులు పాలిపోయి పసుపెక్కుతుంటే, నీళ్ళు ఎక్కువై కాదని నిర్ధారించుకుని, ఒక దఫా పెంచండి. పోసిన గంట తర్వాత కూడా మడి దగ్గర వాసన వస్తోందంటే గాడి లోతు చాల్లేదు. క్యాన్ దగ్గర వాసన వస్తోందంటే మూత పట్టలేదు.

మలం సంగతి: ముందు ఇది చదివి నిర్ణయించుకోండి

మనిషి మలాన్ని తాజాగా మట్టిలో కలపడం, తోటలో పూడ్చి నెలకే కూరగాయలు వేయడం ప్రమాదం. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, కంటికి కనబడవు. మీ ఇంటి నుంచి కనీసం కొన్ని అడుగుల దూరంలో, నీటి వనరులకు 30 మీటర్ల అవతల, వరద నీరు ఎక్కని చోటు లేకపోతే దీని జోలికి వెళ్ళకండి. మీరుండే చోట నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి. ఇంకొక్క మాట. మీ బకెట్ మీరే ఖాళీ చేయాలి. కూలి ఇచ్చి ఇంకొకరి చేత ఎత్తించే పనైతే మొదలే పెట్టకండి.

ఇవన్నీ కుదిరితే కావలసినవి: మూత బిగుతుగా పట్టే 20 లీటర్ల బకెట్లు నాలుగు, బకెట్ మీద కూర్చోవడానికి వీలైన చెక్కపెట్టె, పొడి రంపపు పొట్టు లేదా పొడి చేసిన ఎండుటాకులు, ఒక్కొక్కటి ఘనపు మీటరుకు తగ్గని కంపోస్ట్ తొట్లు రెండు, పొడవాటి కాడ ఉన్న కంపోస్ట్ థర్మామీటర్, ఈ పనికే విడిగా ఉంచిన పార.

1. బకెట్ అడుగున నాలుగు వేళ్ళ మందం పొట్టు వేయండి. వాడిన ప్రతిసారీ ఏమీ కనబడనంతగా పొట్టు కప్పండి. వాసన వచ్చిందంటే పొట్టు చాల్లేదని అర్థం, ఇంకో గుప్పెడు వేయండి. అగరుబత్తీలు, ఫినాయిల్ పరిష్కారం కాదు, ఫినాయిల్ కుప్పలోని మంచి సూక్ష్మజీవులను కూడా చంపేస్తుంది.

2. కడుక్కునే నీళ్ళ గురించి అందరూ అడుగుతారు. ఒక చెంబుకు మించకపోతే బకెట్‌లోకే పోనిచ్చి, పొట్టు రెట్టింపు వేయండి. ఎక్కువ నీళ్ళు వాడే అలవాటుంటే కడుక్కోవడానికి పక్కన వేరే చోటు ఏర్పాటు చేసి, ఆ నీళ్ళు మామూలు టాయిలెట్ గొట్టంలోకే వెళ్ళేలా చూడండి. బకెట్‌లో అడుగున నీరు నిలిచిందంటే కుళ్ళు కంపు తప్పదు.

3. తొట్టి అడుగున మోకాలి ఎత్తు ఎండుగడ్డి పరవండి. బకెట్ నిండగానే కుప్ప నడిమధ్యలో గుంత చేసి వంపి, చుట్టూ ఉన్నదాన్ని పైకి లాగి, మళ్ళీ జానెడు మందం గడ్డి కప్పండి. బకెట్ కడిగిన నీళ్ళు కూడా కుప్పలోకే. తోటలోని పచ్చి చెత్త కూడా ఇందులోనే వేయండి. కుక్క, పిల్లి మలం వద్దు.

4. వారానికోసారి థర్మామీటర్ గుచ్చి చూడండి. నడిమధ్య 50 డిగ్రీలు దాటి కనీసం వారం పాటు నిలవాలి. వేడెక్కకపోతే ఎక్కువగా రెండు కారణాలు: ఎండిపోయి ఉండాలి, లేదా నత్రజని చాలకపోయి ఉండాలి. గుప్పెడు తీసి పిండినట్టు నొక్కితే (గ్లవ్స్‌తోనే) తడి స్పాంజిలా అనిపించాలి. పొడిగా ఉంటే నీళ్ళు, తడిగా ఉన్నా వేడి లేకపోతే మీ మూత్రం క్యాన్ అక్కరకొస్తుంది.

5. తొట్టి నిండిన రోజు తేదీ రాసి, మూసేసి, రెండో తొట్టి మొదలుపెట్టండి. మూసిన తొట్టిలో ఇక ఒక్క బకెట్ కూడా వేయకూడదు. ఒక్క కొత్త బకెట్ పడినా లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచే. వాతావరణం 20 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండేచోట ఏడాదికి పైగా, అంతకన్నా చల్లటి చోట ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు వదిలేయాలి. కుప్ప మధ్యలో 60 డిగ్రీలు చూశాం కదా, ఆర్నెల్లకే తీసేద్దామనుకోకండి. అంచుల్లో ఉన్నది ఎప్పుడూ అంత వేడెక్కదు.

6. తీసినప్పుడు నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉండాలి. ఏ కాస్త కంపు ఉన్నా మళ్ళీ మూసేయండి. అన్నీ సరిగా ఉన్నా నేను పండ్ల చెట్లకూ పూల మొక్కలకే వేస్తాను, ఆకుకూరలకూ దుంపలకూ వేయను. చూపుకి బాగున్నంత మాత్రాన గుడ్లు చచ్చాయని రుజువు కాదు.

మిగతా నీళ్ళు

టాయిలెట్ మామూలుగానే వాడుతున్నా నీళ్ళు మిగల్చొచ్చు. ముందు లీకేజీ చూడండి. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంక్‌లో కాస్త వంట రంగు కలిపి, ఇరవై నిమిషాలు ఎవర్నీ ఫ్లష్ చేయనివ్వకండి. కింద గిన్నెలో రంగు కనబడితే ట్యాంక్ అడుగున రబ్బరు పోయింది, మార్చండి. రాత్రింబవళ్ళు చప్పుడు లేకుండా కారిపోయే నీళ్ళు ఇవే.

పాత పెద్ద ట్యాంకైతే నీళ్ళు నింపి మూత బిగించిన లీటరు సీసాను లోపల నిలబెట్టండి, తేలే బంతికి తగలకుండా. ఇటుక పెట్టకండి, అది కరిగి నలకలు రబ్బరులో ఇరుక్కుంటాయి. సీసా పెట్టాక రెండుసార్లు ఫ్లష్ చేయాల్సి వస్తే తీసేయండి, అప్పుడు మిగిలేదేం లేదు.

స్నానం నీళ్ళు, చివరిసారి బట్టలు జాడించిన నీళ్ళు బకెట్‌తో పట్టి టాయిలెట్ గిన్నెలో పైనుంచి ఒక్క ఉదుటున పోస్తే ఫ్లష్ చేసినంత పనీ చేస్తాయి. ట్యాంక్‌లో మాత్రం పోయకండి. ఒక రోజుకు మించి నిలవా ఉంచకండి, కుళ్ళుతాయి. చెట్లకు పోసేటప్పుడు సబ్బు ఎక్కువున్న మొదటి నీళ్ళు వదిలేసి, ఎప్పుడూ ఒకే పాదులో పోయకుండా మార్చుతూ పోయండి.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం ఇంకా ఉంటే, ఒక మడిని సగానికి పుల్లతో గీత గీయండి. రెండు వైపులా ఒకే రోజు, ఒకే రకం మొక్కలు, ఒకే లెక్కన నాటండి. ఎడమవైపు పైన చెప్పిన మోతాదులో మూత్రం కలిపిన నీళ్ళు, కుడివైపు అంతే కొలత మామూలు నీళ్ళు. రెండు వైపుల కోతా విడివిడిగా తూచి, ఆ రెండు అంకెలూ క్యాన్ మీద తేదీ పక్కనే రాసుకోండి.